అద్దె ఇల్లు, అడ్వాన్సు, ఒక పాత తగాదా

చాలా రోజులుగా ఛందస్సు గురించీ, పద్యాల గురించీ వ్రాస్తూ వచ్చినవాణ్ణి, ఈసారి అద్దె ఇళ్ళ ముచ్చట ఎత్తుకున్నానేమిటని ఆశ్చర్యపోకండి. మొన్న పాత పుస్తకాలు దులుపుతూ ఉంటే, కేతన వ్రాసిన విజ్ఞానేశ్వరీయము ప్రతిలో నుండి ఒక నోటుబుక్కు కాగితం జారిపడింది. 2009 జూన్‌లో సికింద్రాబాదు చిలకలగూడలో మేము ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఇంటి యజమానిగారు స్వహస్తాలతో వ్రాసి ఇచ్చిన పద్దు అది. ధర్మశాస్త్ర గ్రంథంలో ఆ కాగితాన్ని నేనే దాచానో, దానంతట అదే చేరుకుందో గుర్తులేదు. చేరవలసిన చోటే చేరింది.

పద్దు ఇలా ఉంది. గోడలకు రంగులు 5,200. స్నానాల గది తలుపు 1,800. పగిలిన షాబాదు బండలు రెండు 900. కుళాయి, సింకు 650. చివరి నెల కరెంటు 410. మొత్తం 8,960. మేము ఇచ్చిన అడ్వాన్సు 8,400. కాబట్టి పంతులుగారే ఇంకా 560 రూపాయలు ఇవ్వవలసి ఉన్నదని కింద గీత గీసి మరీ వ్రాశారు.

పదకొండేండ్లు ఒకే పోర్షనులో ఉన్నాము. నెల తప్పకుండా అయిదో తారీఖులోపల అద్దె చెల్లించాము. కొత్తగా చూసుకున్న ఇంటికి రెండు నెలల అడ్వాన్సుగా 10,000 కట్టవలసి ఉంది. ఈ 8,400 చేతికి వస్తాయన్న ధీమాతోనే ఆ ఇంటాయనకు మాట ఇచ్చాను. ఆ కాగితం చూసిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. డబ్బు పోతుందన్న దిగులు సగమైతే, మా పిల్లలకు జ్వరం వస్తే మిరియాల కషాయం కాచి తెచ్చిన ఇల్లాలి గడపలో ఇలాంటి కాగితం అందుకోవలసి వచ్చిందన్న బాధ మిగతా సగం. ఉపాధ్యాయునికి కోపం వస్తే చేసే పని ఒకటే: పుస్తకాలు తిరగేయడం. నేనూ అదే చేశాను. ఆ వెతుకులాటలో తెలిసిన చరిత్రే ఈ వ్యాసం.

ముందుగా మాటల సంగతి. కోస్తాలో అద్దె, రాయలసీమలో బాడుగ, మా తెలంగాణలో కిరాయి. బాడుగ సంస్కృత భాటక శబ్దానికి చుట్టం. కన్నడిగుల బాడిగె, అరవల వాడగై దాని తోబుట్టువులు. కిరాయి అరబ్బీ నుండి ఉర్దూ మీదుగా మన ఇండ్లలోకి వచ్చింది. అద్దెకు ఇన్ని పేర్లున్నాయి గాని, ముందుగా కట్టి ఉంచే సొమ్ముకు మాత్రం జనం నోట నిలిచిన తెలుగు మాట లేదు. ధరావతు అనే మాట ఎన్నికల పుణ్యమా అని వార్తాపత్రికల్లో బతికి ఉంది గాని, ఇల్లు చూడబోయినవాడు ‘ధరావతు ఎంత?’ అని అడగడు. ‘అడ్వాన్సు ఎంత?’ అనే అడుగుతాడు. బజారు దుకాణాలకైతే పగిడీ. అది తలపాగా. అద్దె గాక, తిరిగి రాని సొమ్ముగా దుకాణం స్వాధీనం కోసం ఇచ్చేది. గౌరవంగా ఇచ్చే కానుకన్నట్టు పేరు పెట్టారు గాని, నిజానికి తలపాగా ఎవరి తలమీదికి ఎక్కిందో, ఎవరి తలమీది నుండి దిగిందో జనరల్ బజారులో దుకాణం పెట్టిన ఎవరిని అడిగినా చెబుతారు.

మాట లేదంటే వస్తువు ఆ సమాజంలో పాతది కాదని ఊహించవచ్చు. మన ప్రాచీనులకు అద్దె తెలుసు, అద్దె తగాదాలూ తెలుసు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ధర్మస్థీయమనే మూడవ అధికరణంలో ఇండ్ల వివాదాల ప్రకరణముంది. ఖాళీ చేయమన్నా కదలని అద్దెదారుకు పన్నెండు పణాల దండన. అద్దె చెల్లిస్తున్నవాణ్ణి వెళ్ళగొట్టిన యజమానికీ అంతే దండన. పరుషంగా మాట్లాడినవాడు, దొంగతనం చేసినవాడు, సాహసానికి తెగబడినవాడు, తనది కానిదాన్ని దొంగ హక్కుతో అనుభవించినవాడు వంటివాళ్ళ విషయంలో మాత్రం యజమానికి దండన లేదు. తనంతట తాను ఇల్లు విడిచిపోయేవాడు ఆ సంవత్సరపు అద్దెలో మిగిలినది చెల్లించి పోవాలి. ఇంత వివరంగా చెప్పినవాడు ముందుగా కట్టి ఉంచే సొమ్ము ఊసు ఆ ప్రకరణంలో ఎత్తలేదు.

నారదస్మృతిలో ఇంకొక ముచ్చటైన నియమముంది. ఇతరుల నేలమీద అద్దె చెల్లిస్తూ ఇల్లు కట్టుకొని ఉన్నవాడు, వెళ్ళేటప్పుడు తన గడ్డి, తన కట్టె, తన ఇటుక తాను పట్టుకుపోవచ్చు. అద్దె ఇవ్వకుండా, సొంతదారు ఇష్టానికి వ్యతిరేకంగా ఉన్నవాడికి ఆ హక్కు లేదు. ఈ నియమాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. నా కథలో దీనితో పని పడుతుంది.

ఇకపోతే, ఒకరి సొమ్ము మరొకరి దగ్గర ఉంచడం గురించి స్మృతికారులకు బోలెడంత చింత ఉంది. మనువు లెక్కించిన పద్దెనిమిది వివాదపదాలలో ఋణాదానం మొదటిదైతే నిక్షేపం రెండవది. యాజ్ఞవల్క్యస్మృతి మరింత స్పష్టంగా చెబుతుంది. దాచి ఉంచమని ఇచ్చిన సొమ్ము రాజువల్లనో, దైవికంగానో, దొంగలవల్లనో పోతే దాచినవాడి తప్పు లేదు. దాన్ని తన ఇష్టం వచ్చినట్టు వాడుకొని బ్రతికినవాడు మాత్రం దండార్హుడు. ఆ సొమ్మును వృద్ధితో సహా చెల్లించాలి. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను ఆధారం చేసుకొనే పదమూడవ శతాబ్దంలో తిక్కన శిష్యుడు కేతన తెలుగు పద్యాలలో ధర్మశాస్త్రం చెప్పాడు. మా పండిత శిక్షణలో ఆ గ్రంథం పేరు వల్లె వేయించారే గాని, లోపల ఏముందో చూడమని ఎవరూ అనలేదు. నేను చూసింది ఇల్లు ఖాళీ చేసిన తరువాతే.

అడ్వాన్సు నిక్షేపమా, లేక కుదువ సొమ్మా అన్నది పండితులు తర్కించదగిన విషయం. నా మటుకు నాకు అది రెండూ కలిసిన సంకరజాతి. దాచమని ఇచ్చేది కాదు. ఇవ్వకపోతే తాళంచెవి రాదు. అప్పుకు తాకట్టూ కాదు. అప్పింకా పుట్టనే లేదు. పుట్టబోయే అప్పుకు ముందే పెట్టిన తాకట్టు అది. అందుకే ఇల్లు ఖాళీ చేసే రోజున యజమాని తప్పనిసరిగా ఏదో ఒక అప్పును పుట్టించవలసి వస్తుంది.

ఇప్పుడు మా ఊరి సంగతికి వస్తాను. సికింద్రాబాదు పుట్టుకతోనే అద్దెల ఊరు. 1798 సంధి తరువాత హుస్సేన్‌సాగరు ఉత్తరాన కంపెనీ పటాలాలు గుడారాలు వేశాయి. 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరుమీదుగా దానికి ఈ పేరు వచ్చింది. పటాలం వెంట సరఫరాదారులు, దర్జీలు, సారథులు, గుమాస్తాలు, వంటవాళ్ళు వచ్చారు. మొదలియార్లు వచ్చారు, గుజరాతీలు వచ్చారు, పార్సీలు వచ్చారు, సర్కారు జిల్లాల తెలుగువారు వచ్చారు. తాతలనాటి ఇల్లు ఎవరికుంది అక్కడ? 1874లో వాడి నుండి రైలు రావడంతో మరింత మంది దిగారు. 1893లో లాలాగూడ రైలు కర్మాగారం, స్వాతంత్ర్యం తరువాత 1966 అక్టోబరు 2న దక్షిణమధ్య రైల్వే కేంద్రం. బదిలీలమీద వచ్చేవాడు ఇల్లు కొనడు, అద్దెకు తీసుకుంటాడు. చిలకలగూడ, సీతాఫల్‌మండి, బోయిగూడ, మెట్టుగూడల్లో ఒకే వాకిలి చుట్టూ నాలుగైదు పోర్షన్లు, మధ్యలో ఒక నల్లా ఉండే ఇండ్లు ఆ రైలు జీతాల నీడలో పెరిగినవే.

పాలన విషయంలోనూ ఈ ఊరి తంతు వేరు. నిజాం రాజ్యం నడిబొడ్డున ఉన్నా నిజాం ఏలుబడిలో లేదు. చెరువుకు ఆ పక్క హాలీ సిక్కా, ఈ పక్క కల్దారు రూపాయి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ల లెక్క. హైదరాబాదులో జీతం, సికింద్రాబాదులో అద్దె ఉన్న గుమాస్తా ప్రతి నెలా ఈ లెక్క కట్టుకోవలసిందే. యుద్ధకాలంలో అద్దెలు ఆకాశానికి ఎగసినప్పుడు నిజాం ప్రభుత్వం 1353 ఫసలీలో, అంటే 1943-44లో, ఇండ్ల అద్దె నియంత్రణ ఉత్తర్వు చేసింది. ఆనాటికి సికింద్రాబాదు ఇంకా బ్రిటిషు అధీనంలోనే ఉంది. 1945 చివర పట్టణ భాగం నిజాముకు తిరిగి వచ్చింది. పురపాలక సంఘం ఏర్పడింది. 1950లో అది కార్పొరేషన్ అయింది. 1960లో హైదరాబాదు కార్పొరేషన్‌లో కలిసిపోయింది. కంటోన్మెంటు మాత్రం వేరుగానే మిగిలింది.

కంటోన్మెంటు గురించి ఒక చిన్న పక్కదారి. బ్రిటిషు ఇండియా కంటోన్మెంట్లకు 1902లో ఒకటి, 1923లో మరొకటి గృహవసతి చట్టాలు వచ్చాయి. సైనికాధికారికి నివాసం కావాలంటే, ఇంటి యజమానికి ఇష్టమున్నా లేకున్నా ఆ ఇంటిని ప్రభుత్వానికి లీజుకు ఇవ్వమని ఆదేశించవచ్చు. అక్కడ అద్దెదారే దొర. ఆ దొరను అడ్వాన్సు అడిగే ధైర్యం ఏ యజమానికి ఉంటుంది? కంటోన్మెంట్లలో ఇండ్ల అద్దెల మీద చట్టం చేసే అధికారం రాష్ట్రాలకు లేదని, అది కేంద్రానిదేనని 1969లో బరాక్‌పూర్ కంటోన్మెంటు ఇంటి వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తేల్చింది. 1957 నాటి ఒక కేంద్ర చట్టం ప్రకారం కేంద్రమే ప్రకటన ద్వారా రాష్ట్ర అద్దె చట్టాన్ని కంటోన్మెంటుకు విస్తరింపజేస్తే తప్ప అది అక్కడ చెల్లదు. కార్ఖానాలోనో, పికెట్‌లోనో అద్దెకున్న మిత్రులు ఈ సంగతి తెలుసుకొని ఉండడం మంచిది. మా చిలకలగూడ కార్పొరేషన్ పరిధిలోది కనుక నాకు ఆ చిక్కు లేకపోయింది.

హైదరాబాదు రాష్ట్రంలో 1954లో అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. ఆంధ్ర జిల్లాలలో మద్రాసు వారి చట్టం నడిచేది. రెండు ప్రాంతాలు కలిశాక రెండింటినీ తీసివేసి 1960లో ఒకే చట్టం చేశారు. ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం, 1960లో 15వది. తెలంగాణ ఏర్పడ్డాక ఇక్కడ పేరు మార్చుకొని అదే చట్టం కొనసాగింది.

ఈ చట్టం చదువుతుంటే నాకు కళ్ళు తిరిగాయి. ఇల్లు ఖాళీ అయితే పది రోజుల్లో యజమాని అధికారికి తెలియజేయాలట. ప్రభుత్వోద్యోగికి ఆ ఇల్లు కేటాయించే అధికారం సర్కారుకు ఉంటుందట. అద్దెకు గాని, అడ్వాన్సుకు గాని సంతకం చేసిన రసీదు పొందే హక్కు అద్దెదారుకు ఉంది. పదకొండేండ్లలో నేను ఒక్క రసీదు అడిగిన పాపాన పోలేదు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఏడవ సెక్షన్. అద్దెకు అదనంగా పగిడీ వంటి సొమ్ము ఏ పేరుతోనూ తీసుకోరాదు. అడ్వాన్సుగా తీసుకోదలిస్తే ఒక్క నెల అద్దెకు మించరాదు. మించి తీసుకున్నది అద్దెదారుకు తిరిగి ఇవ్వాలి, లేదా అతడు కోరిన విధంగా సర్దుబాటు చేయాలి.

ఒక్క నెల! నా 8,400 మూడు నెలల అద్దె. మా వీధిలో మూడు నెలలకు తక్కువ తీసుకున్నవారు నాకు తెలిసి లేరు. పొరుగున బెంగుళూరులో పది నెలల అడ్వాన్సు ఆచారమని అక్కడ ఉద్యోగాలు చేసే మా విద్యార్థులు చెబుతుంటారు.

ఈ సెక్షన్ ఉత్తుత్తి అక్షరం కాదనడానికి గూడూరులోని మోడరన్ హోటల్ వ్యాజ్యం సాక్ష్యం. యజమాని అద్దె బాకీ పడ్డారని ఖాళీ చేయించబోయాడు. అద్దెదారు అడ్వాన్సు యజమాని దగ్గర చట్టం అనుమతించినదానికన్నా ఎక్కువ ఉంది. 1989లో సుప్రీంకోర్టు, పుచ్చుకోకూడని సొమ్మును దగ్గర పెట్టుకొని ఉన్నవాడు ఎదుటివాణ్ణి బాకీదారు అనలేడన్న భావంతో అద్దెదారు పక్షాన తీర్పు చెప్పింది. అది చదివిన రోజున నాకు రుబ్బురోలు ఎత్తి దించినంత తేలికైంది.

అయితే ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు. హైకోర్టులో వకాల్తా చేస్తున్న మా పూర్వవిద్యార్థి ఒకడున్నాడు. పదవ తరగతిలో సంధులు చెప్పలేక గోడకుర్చీ వేసినవాడు. ఇప్పుడు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

“సార్, చట్టం మంచిదే. కాని అది మీ ఇంటికి వర్తిస్తుందా అన్నదే మొదటి ప్రశ్న” అన్నాడు.

ఆ ప్రశ్న వెనుక పెద్ద చరిత్రే ఉంది. 1960 చట్టం చేసినప్పుడే, 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన ఇండ్లకు ఇది వర్తించదని ఒక మినహాయింపు పెట్టారు. కొత్త ఇండ్లు కట్టేవారికి ప్రోత్సాహమని వారి ఉద్దేశం. మొదట్లో బాగానే ఉంది. ఏండ్లు గడిచేకొద్దీ పాత ఇండ్లు తగ్గి కొత్తవి పెరిగి, చట్టం అంచుకు పోయి మినహాయింపు ఊరంతా పరచుకుంది. 1983 అక్టోబరు 26న మోటర్ జనరల్ ట్రేడర్స్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టివేసింది. తీర్పు వ్రాసినది జస్టిస్ వెంకటరామయ్య. పాతికేండ్లు నిండిన ఇంటిని కూడా కొత్త ఇల్లని ముద్దు చేయడం సమానత్వానికి విరుద్ధమని దాని సారాంశం.

అద్దెదారుల పండుగ రెండు నెలలు సాగింది. ఆ డిసెంబరు 29న ప్రభుత్వం 636 నంబరు ఉత్తర్వు తెచ్చింది. కట్టి పదేండ్లు నిండని ఇండ్లకు, నెలకు వెయ్యి రూపాయలు మించి అద్దె ఉన్న ఇండ్లకు చట్టం వర్తించదు. 1983లో వెయ్యి రూపాయల అద్దె అంటే మారేడ్‌పల్లిలో తోట ఉన్న బంగళా. ఆ సంఖ్య మాత్రం కదలలేదు, ధరలు కదిలాయి. 1998లో నేను చిలకలగూడలో రెండు గదుల పోర్షనులో దిగిన రోజున అద్దె 1,600. బంగళావారికని కట్టిన కంచె బడిపంతులును కూడా బయట నిలబెట్టింది. నెలజీతగాళ్ళు చట్టం నుండి జారిపోయింది ఎవరూ తరమడంవల్ల కాదు, ఒక అంకెను ఇరవైయేండ్లపాటు ముట్టుకోకపోవడంవల్ల. మూడు నెలల అడ్వాన్సు ఆచారం స్థిరపడింది ఈ కాలంలోనేనని నా అభిప్రాయం. నాకు బుద్ధి తెలిసిన నాటి ముచ్చట్లలో ‘ఒక నెల ముందు’ అన్న మాటే విన్నాను. తరువాతి మాటల్లో అది లేదు.

2005లో చట్టాన్ని సవరించి ఆ హద్దు పెంచారు. కార్పొరేషన్ ప్రాంతాలలో 3,500, తక్కిన చోట్ల 2,000. సవరణ అమలుకు వచ్చిన నాటి అద్దె అంతకు మించితే చట్టం వర్తించదు. కట్టి పదిహేనేండ్లు కాని ఇంటికీ వర్తించదు. ఆ నాటికి మా అద్దె 2,800. ఇల్లు మా యజమానిగారి తండ్రిగారు కట్టించినది. అంటే నేను నాకు తెలియకుండానే ఏడేండ్లు చట్టం బయట ఉండి, 2005లో లోపలికి వచ్చానన్నమాట.

“అయితే గెలిచినట్టేగా?” అన్నాను.

“వాదించవచ్చు సార్. కాని మీరు అడ్వాన్సు ఇచ్చింది 1998లో, పెంచింది 2004లో. రెండూ చట్టం బయట ఉన్నప్పుడే. అప్పుడు పుచ్చుకున్నది తప్పు కాదని వాళ్ళూ వాదిస్తారు. పైగా మీ దగ్గర రసీదు లేదు. దావాకు మూడేండ్ల గడువుంది, తొందర లేదు. కాని ముందు ఆ పద్దు చూపించండి.”

పద్దు చూసి, 1960 చట్టాన్ని మూసి, దానికన్నా డెబ్బైఎనిమిదేండ్లు పాతదైన ఆస్తి బదిలీ చట్టం తీశాడు. 1882 నాటిది. 108వ సెక్షన్‌లో యజమాని, అద్దెదారు ఒకరికొకరు ఏమి బాకీయో అక్షరక్రమంలో ఉంటుంది. అద్దెదారు తాను పుచ్చుకున్న స్థితిలో ఇంటిని అప్పగించాలి. కాని సహజమైన అరుగుదల, మానవప్రయత్నానికి లొంగని ఉత్పాతం వీటివల్ల కలిగిన మార్పులకు అతడు బాధ్యుడు కాడు. యాజ్ఞవల్క్యుడు చెప్పిన రాజు, దైవం, దొంగ నాకు చటుక్కున గుర్తుకు వచ్చారు.

పదకొండేండ్లలో సున్నం వెలిసిపోవడం అరుగుదల. మధ్యలో 2003లో మా సొంత ఖర్చుతో ఒకసారి రంగులు వేయించాము కూడా. స్నానాల గది చెక్కతలుపు అడుగున నీటికి పుచ్చిపోవడం అరుగుదల. కుళాయి తిరిగీ తిరిగీ మర అరగడం పేరులోనే ఉంది. బండలు రెండింటిలో ఒకటి మేము రాకముందే బీటవారి ఉంది. రెండవది మా ఇంటావిడ రుబ్బురోలు జరుపుతుంటే పగిలింది. అది మాదే. కరెంటు మాదే.

ఇంతవరకు న్యాయం నావైపే ఉందని మీసం దువ్వుకుంటుంటే మావాడు మరో వాక్యం చూపించాడు. పుస్తకాల కోసం నేను గోడకు చెక్కల అలమర బిగించుకున్నాను. వెళ్ళేటప్పుడు విప్పుకొని తెచ్చుకున్నాను. నారదుడు సరేనన్నాడు, 1882 చట్టమూ సరేనంది. కాని చట్టం ఒక షరతు చేర్చింది: తీసుకుపోయాక ఇంటిని తాను పుచ్చుకున్న స్థితిలో ఉంచి పోవాలి. నేను వదిలి వచ్చిన గోడలో పదహారు బెజ్జాలున్నాయి. వాటిని యజమానిగారు పద్దులో విడిగా వ్రాయలేదు. రంగుల లెక్కలో కలిపేశారు. ఆయన అడగడం తెలియక అడగని బాకీ అది. మేస్త్రీ చేత పూడ్పించడానికి 300 అవుతుందని లెక్క వేశాను. ఆయనకు తెలియదు గదా అని ఊరుకుందామన్న బుద్ధి ఒక రాత్రి పుట్టిన మాట నిజం. తెల్లవారి నా కాగితంలో అదీ వ్రాసుకున్నాను. 410, 450, 300 కలిపి 1,160. నాకు రావలసినది 7,240.

నోటీసు పంపుదామన్నాడు మావాడు. నాకు మనసొప్పలేదు. ముందు నేనే వెళ్ళాను. ఆదివారం ఉదయం, యజమానిగారు అరుగుమీద పత్రిక చదువుతున్నారు. రైల్వేలో పనిచేసి విరమించిన మనిషి. నాకన్నా పదేండ్లు పెద్ద.

“పంతులుగారూ, మీరొచ్చినప్పుడు గోడలు ఎట్లుండె, ఇప్పుడు ఎట్లున్నయి, మీరే చూడండి” అన్నారు.

“అన్నగారూ, అప్పుడు మన ఇద్దరి జుట్టు ఎట్లుండె?” అన్నాను.

లోపలి నుండి వదినగారు నవ్విన శబ్దం వినిపించింది. ఆయన నవ్వలేదు. సెక్షన్లు చెప్పాను. విన్నారు. ఒక్క నెల అడ్వాన్సు మాట వచ్చేసరికి, “మరి నేను లీజు మీదిచ్చిన మా పిల్ల ఫ్లాటుకు మూడు నెలలు తీసుకున్న, అదీ తప్పేనా?” అని అడిగారు. అది కొత్త ఇల్లు, అద్దె ఎక్కువ, ఈ చట్టం కిందికి రాదని చెప్పవలసి వచ్చింది. నా వాదన బలం అక్కడే కొంత కారిపోయింది. అదే చేయి అక్కడ ఒప్పు, ఇక్కడ తప్పు ఎట్లయిందని ఆయన అడిగిన దానికి నా దగ్గర వ్యాకరణం లేదు.

అలమర బెజ్జాల సంగతి నేనే చెప్పాను. ఆయన లేచి లోపలికి వెళ్ళి చూసి వచ్చారు. కూర్చొని చాలాసేపు ఏమీ అనలేదు. అసలు సంగతి తరువాత బయటపడింది. అడ్వాన్సు సొమ్ము ఆయన దగ్గర లేదు. ఎప్పుడో ఖర్చయిపోయింది. కొత్తగా దిగబోయేవారు అడ్వాన్సు ఇస్తే గాని మాకు ఇవ్వడానికి లేదు. ఆ వచ్చేవారు రంగులు వేయిస్తేనే దిగుతామన్నారట. నా సొమ్ముతో రంగులు, వారి సొమ్ముతో నాకు ఏమైనా మిగిలితే అది. పద్దు పుట్టుక ఇది. స్మృతికారుడు దండన వేసినది సరిగ్గా ఈ వాడకానికే గాని, ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తే వృద్ధితో చెల్లించమని అడగడానికి నోరు రాలేదు.

ఈ తిప్పలకు విరుగుడు ఆలోచించిన దేశాలున్నాయి. ఇంగ్లండులో 2007 ఏప్రిల్ 6 నుండి యజమాని పుచ్చుకున్న అడ్వాన్సును ప్రభుత్వం ఆమోదించిన రక్షణ పథకంలో నమోదు చేయాలి. తగాదా వస్తే ఆ పథకంవారే మధ్యవర్తిత్వం చూస్తారు. జర్మనీలో మూడు నెలల అద్దెకు మించరాదు, యజమాని తన సొంత సొమ్ముతో కలపకుండా వేరే ఖాతాలో ఉంచాలి, వడ్డీ అద్దెదారుదే. మన దేశంలో 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఒక నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. అందులో నివాసగృహానికి రెండు నెలలు, ఇతరాలకు ఆరు నెలలు హద్దు. ఇల్లు స్వాధీనం చేసుకునే రోజునే, న్యాయమైన బాకీలు మినహాయించి అడ్వాన్సు తిరిగి ఇవ్వాలి. నమూనా అంటే నమూనాయే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే దానికి ప్రాణం. ఆ సొమ్ము ఈలోగా ఎవరి జేబులో ఉండాలన్న ప్రశ్నను అది తాకలేదు. మా అన్నగారి చిక్కంతా అక్కడే ఉంది.

ఆయన మూడు వారాలు గడువు అడిగారు. కొత్త ఇంటి అడ్వాన్సుకు నేను మా సహాధ్యాయి దగ్గర చేబదులు తీసుకున్నాను. మూడు వారాలు అయిదు వారాలైంది. పిలిచి 6,500 చేతిలో పెట్టారు. నా లెక్క ప్రకారం 740 తక్కువ. అడిగితే, “తలుపు సగం మీరు పెట్టుకోండి పంతులుగారూ” అన్నారు. తలుపులో సగం 900 అవుతుంది. ఆయన లెక్కలో ఏదో దయ కూడా ఉన్నట్టుంది. పుచ్చుకున్నాను. ఆ పద్దు కాగితం వెనుకనే ‘ముట్టినది’ అని వ్రాసి నేను సంతకం చేశాను, ఆయనా చేశారు. పదకొండేండ్లలో మా మధ్య నడిచిన ఏకైక రసీదు అది.

కొత్త ఇంట్లో దిగిన రోజునే రెండు కాగితాల మీద ఇంటి స్థితి అంతా వ్రాశాను. గోడలు, నల్లాలు, బండలు, బల్బులు. ఆ యజమాని అంతా చదివి, ‘రెండవ గదిలో కిటికీ అద్దం పగిలి ఉన్నది’ అన్న వరస దగ్గర ఆగి, “ఇది వచ్చే వారం వేయిస్తా సార్, కొట్టెయ్యండి” అన్నాడు. కొట్టివేయలేదు. ఆరేండ్ల తరువాత మేము ఆ ఇల్లు విడిచేనాటికి కూడా ఆ కిటికీకి మా అట్టముక్కే ఉంది.